ఛాయాచిత్ర పతకమును దాని నిర్ణేతలును

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి పేరెఱుగనివా రుండరు. 1897లో జన్మించి 1925లోనే, ఇరువదియెనిమిదేండ్లయినను నిండకమున్నే, మశూచికముచే గాలధర్మము నొందిన యా చిత్రకారుని 'ఋష్యశృంగ బంధనము' 1922లో కలకత్తా ప్రదర్శనమున వైస్రాయి పారితోషికమును బడసెనని యీ పట్టణమున బాలురు సయితము చెప్పగలరు. ఆ పారితోషికమును నిర్ణయించిన పెద్దలెవరని యడిగినచో మాత్రము పెద్దవారు సయితము తెల్లబోవుదురు. ఇది యొక రామారావుగారి విషయముననే కాదు. పందెమున గెలిచినవాని పేరు నిలుచును. గెలిపించినవాని పేరు సభ ముగియుటతోనే మఱుగుపడును. లోకమున కిది సహజము.

చిత్రలేఖనము విషయమున నీ మఱపు మన కంతగా హాని చేయదు. చిత్రము మన యెదుట నున్నది. నిర్ణేతలు మెచ్చినను మెచ్చకున్నను దాని గుణమును మనమే పరీక్షించి తెలిసికొనవచ్చును. ఛాయాచిత్రముయొక్క సంగతి వేఱు. అది కళయగుటకు ముందే సాక్ష్యమైనది. ఒక దేవాలయమును, ఒక శాసనమును, ఒక కట్టడమును యంత్రముతో బట్టి కాగితముపై నిలిపినప్పుడు, తరువాతి కాలమున నా వస్తువు చెడినను ఆ కాగితము పలుకుచునే యుండును. కావున నేది పట్టదగినది, ఏది మెచ్చదగినది యని తీర్పుచెప్పిన వారెవరో వారే, తెలిసియో తెలియకయో, చరిత్రకారునికి మిగిలెడు సాక్ష్యమును గూడ నేర్పఱచినవారగుదురు. ఈ కారణముచేతనే చెన్నపురి రాజధానిలో ఛాయాచిత్రమునకు బ్రథమపతక మిచ్చిన నిర్ణేతలను, వారి పరివారమును గూర్చి కొంత విచారింప దలచితిని. ఇందు గోదావరీ మండలమునకు గల సంబంధము మొదట గనబడదు; పోనుపోను దేటపడును.

ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. పారిసున డాగెరు వెండిపూత రేకుమీద బింబమును నిలిపెను. ఇంగ్లాండున టాల్బటు కాగితముపై నిలిపి, 1841లో నా పద్ధతికి హక్కుపత్రమును బొందెను. పండ్రెండేండ్లు గడచిన పిదప, 1851లో, లండనునందు సకలదేశ వస్తుప్రదర్శనము జరిగినది. ఆ మహాప్రదర్శనమున వస్తువులన్నియు ముప్పది తరగతులుగా విభజింపబడినవి. ఒక్కొక్క తరగతికి నిర్ణాయకసంఘము, అనగా జ్యూరీ, యేర్పడెను. ఛాయాచిత్రమును దెచ్చి యే తరగతిలో నుంచవలయునన్న ప్రశ్న యప్పుడే పుట్టినది. శిల్పములుండు ముప్పదవ తరగతిలోనా? గడియారములు, దూరదర్శినులు, తులాయంత్రములు నుండు పదవ తరగతిలోనా? తీర్పుచెప్పవలసిన భారము పదవ తరగతి వారిపై బడినది. ఆ సంఘమున కధ్యక్షుడు సర్ డేవిడ్ బ్రూస్టరు. వెలుతురు తత్త్వమును శోధించి కలైడోస్కోపును గనిపెట్టిన శాస్త్రజ్ఞుడు. నివేదిక వ్రాసినవాడు జేమ్స్ గ్లెయిషరు. గ్రీనిచ్ నక్షత్రశాలలో వాతావరణమును లెక్కించువాడు. చిత్రకారుడొక్కడును బ్రధానుడుగా లేని యీ సభ, అమెరికానుండి వచ్చిన బ్రాడీ, లారెన్సు, విపుల్ అను మువ్వురి రేకులకు బతకముల నొసగెను. వారు చూచినదేమి? రేఖల స్పష్టత, రేకుయొక్క మెఱుగు, రసాయనక్రియలోని నిపుణత. వడ్రంగి పనిని వడ్రంగియే పరీక్షించినట్లు, యంత్రపు బనిని యంత్రజ్ఞులు పరీక్షించిరి. దీనిని నేను తప్పని చెప్పను. కాని యీ తొలి తీర్పునుండియే ఛాయాచిత్రము కొలతకు, నిజమునకు గట్టుబడినదన్న భావము స్థిరపడినది.

లండను ప్రదర్శనపు ముప్పది తరగతులే నాలుగేండ్లకు చెన్నపట్టణమునకు వచ్చి చేరినవి. 1855 ఫిబ్రవరిలో దక్షిణహిందూదేశపు ముడిపదార్థములు, కళలు, చేతిపనులు వీని ప్రదర్శన మచట జరిగినది. నూనెగింజలు, నీలిమందు, తోళ్లు, నేతబట్టలు, లోహములు, నగలు మొదలైన సర్వవస్తువులను జూచి నిర్ణాయకసంఘములు వ్రాసిన నివేదికలు 1856లో నచ్చొత్తింపబడినవి. ఆ వస్తుసముద్రమున నొక మూల ఛాయాచిత్రములుండెను. వానిలో నఱువదియెనిమిది చిత్రములు లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగివి.

ట్రైప్ 1822లో ఇంగ్లాండున డెవన్‌పోర్టులో జన్మించెను. చిన్నతనముననే కుంపిణీవారి చెన్నపురి సైన్యమున బ్రవేశించి పండ్రెండవ దేశీయ పదాతిదళమున నుండెను. సెలవుపై స్వదేశమునకు బోయినప్పుడు ఛాయాగ్రహణమును నేర్చి, 1853లో లండను ఛాయాచిత్రసంఘమున సభ్యుడై, 1854లో బెంగుళూరికి దిరిగివచ్చెను. ఆ యేటి డిసెంబరున ఆండ్రూ నీల్ అను సైనికవైద్యునితో గలసి హళేబీడు, బేలూరు మున్నగు స్థలములకు బోయి హొయసలుల దేవాలయములను బట్టెను. అంతకుమున్నెవ్వరు నా గుళ్లను యంత్రముతో దీసియుండలేదు. రెండు నెలలైనను గడవకమున్నే యా చిత్రములు చెన్నపురి ప్రదర్శనమున వ్రేలాడినవి. కాగితముపై దీసిన దృశ్యముల వరుసలలో నిదియే యుత్తమమని నిర్ణేతలు తీర్పుచెప్పి ట్రైపునకు మొదటి తరగతి పతకము నిచ్చిరి.

ఈ తీర్పులోని మాటలను బంగారము తూచినట్లు తూచి చూడవలయును. మొదటిది 'వరుస'. నిర్ణేతలు మెచ్చినది యేదో యొక యందమైన చిత్రమును గాదు, అఱువదియెనిమిదింటి సమూహమును. గుడియొక్క ముఖము, ప్రక్కగోడ, ఒక స్తంభము, ఒక విగ్రహము, మఱల నా గోడయే దగ్గఱనుండి, ఈ రీతిగా బ్రదక్షిణము చేసి చూపిన క్రమమును వారు మెచ్చిరి. కవి యొక పద్యముతో మెప్పించును. కైఫీయత్తు వ్రాయువాడు క్రమముతో మెప్పించును. ట్రైపు రెండవజాతివాడు. రెండవది 'కాగితముపై'. ఆ కాలమున వెండిరేకులును, గాజుపలకలును గూడ వాడుకలో నుండెను. గాజుపై మందు తడిగా నున్నంతలోనే పని ముగింపవలసి యుండును. మన యెండలలో నది నిమిషములలో నారిపోవును. మైనము పట్టించిన కాగిత మట్లుగాదు. దానిని ముందే సిద్ధపఱచి పెట్టెలలో నుంచుకొని ఎడ్లబండ్లమీద దూరదేశములకు గొనిపోవచ్చును. నిర్ణేతలు కాగితమును బ్రత్యేకముగా నెన్నుకొని పతకమిచ్చుటలో నీ దేశమున కే పద్ధతి పనికివచ్చునో చెప్పుటయు నిమిడియున్నది. మూడవది 'దృశ్యములు'. మనుష్యుల ముఖములు గావు. దొరలును దొరసానులును తమ రూపములను దీయించుకొనుటకు దహతహపడుచున్న కాలమున, రాతికట్టడములను మెచ్చిన తీర్పిది.

ఇచట నొకమాట చెప్పక తప్పదు. ట్రైపు చిత్రములను నేడు పరిశీలించువారు, ఆతడు కాగితపు బ్రతిబింబములపై కుంచెతో మేఘములను దిద్దుటయు, చెట్ల యాకులకు వెలుగులు గూర్చుటయు గనిపట్టిరి. అప్పటి మందునకు నీలివర్ణము మిక్కిలి చుఱుకుగా దగులుటచే, ఆకాశము తెల్లని వట్టి పలకవలె బడుచుండెను; ఆకుపచ్చన నల్లబడుచుండెను. ఆ లోపము దీర్చుటకే యాతడు కుంచె పట్టెను. కట్టడముల రేఖలను మాత్రము మార్చలేదు. అయినను యంత్రము చెప్పిన నిజమునకు జేతి మెఱుగు తోడైనమాట వాస్తవము. సాక్ష్యముగా మెచ్చబడిన వస్తువులోని ఆకాశము సాక్ష్యము గాదన్న సంగతి చరిత్రకారుడు మఱవరాదు.

పతకమునకు ఫల మాలస్యము గాలేదు. ఆ 1855లోనే బర్మా రాజధానియైన అమరాపురమునకు గవర్నరు జనరలు పంపిన రాయబారమున ట్రైపు ఛాయాగ్రాహకుడుగా నియమింపబడెను. ఆ రాయబారమునకు నాయకుడు ఆర్థర్ ఫేయరు. కార్యదర్శి హెన్రీ యూలు. అటనుండి తెచ్చిన ప్రతిబింబములనుండి నూటయిరువది చిత్రముల సంపుటములు వెలువడినవి. 1856లో ట్రైపు చెన్నపురి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడయ్యెను. పురాతనకట్టడములను చిత్రకారులచే వ్రాయించుటకంటె యంత్రముచే దీయించుట చవుకయు, సత్యమును నని కుంపిణీ డైరెక్టర్లు దలచుచుండిన కాలమది. బొంబాయిలో నప్పటికే కాప్టెన్ బిగ్సు బిజాపురము మున్నగు తావులకు బంపబడెను. కావున 1855 నాటి పతకము వట్టి మెప్పుగాదు. ఉద్యోగమునకు నియామకపత్రమువంటిది. నిర్ణేతలు మెచ్చిన రీతియే ప్రభుత్వపు రీతి యయ్యెను.

ఈ విద్య నట్లు పోషించిన పరివార మెట్టిది? 1856లో చెన్నపురి ఛాయాచిత్రసంఘ మేర్పడెను. బొంబాయిలో 1854లోను, కలకత్తాలో 1856 ఆరంభముననే యిట్టి సంఘములు పుట్టియుండెను. చెన్నపురి సంఘమునకు గార్యదర్శి వైద్యుడగు అలెగ్జాండరు హంటరు. ఈతడు 1850లో స్వంతధనముతో చెన్నపట్టణమున చిత్రకళాపాఠశాలను స్థాపించిన మహోదారుడు; తరువాత దానిని ప్రభుత్వమువారు స్వీకరించిరి. ఆ పాఠశాలలో దేశీయ విద్యార్థులకు ఛాయాగ్రహణమును సయితము నేర్పించెను. సంఘమున కధ్యక్షుడు వాల్టరు ఎలియట్ దొర. ఈ పేరు వినగనే ఆంధ్రచరిత్రాభిమానులకు వేఱొక సంగతి స్ఫురింపక మానదు.

ఎలియట్ 1803లో ఎడింబరోలో జన్మించి, 1821లో చెన్నపురి సివిలు ఉద్యోగమున కెంపికై వచ్చెను. ధార్వాడ ప్రాంతమున నుండగా 1824లో కిత్తూరు సంస్థానమున జరిగిన తిరుగుబాటులో బట్టువడి కొంతకాలము బందీగా నుండెను. బ్రదికి బయటపడినవాడు గుఱ్ఱమెక్కి వేటకు బోయినను, దారిలో గనబడిన శాసనముల బ్రతులు వ్రాయించుట మానలేదు. కన్నడ దేశమున నాతడు కూర్చిన శాసనముల సంఖ్య అయిదువందల తొంబదికి బైచిలుకు. 1832-33 నాటి డొక్కలకరువుతో గుంటూరు మండలము పాడై, శిస్తు బకాయిలు పేరుకొని, రైతులు చెల్లాచెదరైరి. ఆ వ్యవహారమును జక్కబెట్టుటకై 1845లో నాత డిటు పంపబడెను. తరువాత నుత్తరసర్కారులన్నిటికి గమిషనరై 1854 వఱకు నుండెను. గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటను ఆనకట్ట కట్టిన 1847-1852 సంవత్సరములు ఎలియట్ కమిషనరుగా నున్న కాలములోనివే. అప్పటి రాజమహేంద్రవరము జిల్లా యాతని యధికారమునకు లోబడినది. ఈ నేలపై దిరుగుచు నాతడు వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను సేకరించెను, తెలుగు శాసనముల బ్రతులను సంపుటములుగా గూర్చెను, నాణెముల నేరెను. ఆతని కాలమునకు రాజరాజనరేంద్రుని వంశక్రమమే మన పండితులకు నిశ్చయముగా దెలియదు. ఆ క్రమమును నిర్ణయించుటకు మూలద్రవ్యమును బ్రోగుచేసిన తొలివారిలో నీ దొర ప్రముఖుడు.

1854లో నీతడు గవర్నరు ఆలోచనసభలో సభ్యుడై చెన్నపట్టణము చేరెను. ఛాయాచిత్రసంఘమునకు దొలి యధ్యక్షుడయ్యెను. సభలో నెవ్వరి చిత్రమెట్టిదని చర్చ జరిగినప్పుడు, అధ్యక్షపీఠమున గూర్చున్నవాడు చిత్రకారుడు గాడు, రసాయనజ్ఞుడు గాడు, శాసనములు చదువువాడు. ఇది నా మనసున ముఖ్యమైన సంగతిగా దోచుచున్నది. లండనులో బ్రూస్టరు చూచిన చూపు వేఱు, చెన్నపురిలో ఎలియట్ చూచిన చూపు వేఱు.

ఆ చూపునకు దార్కాణము అమరావతి రాళ్లు. అమరావతీస్తూపమును 1798లో కాలిన్ మెకంజీ మొదట జూచి, 1816-17లో మఱల వచ్చి తన చిత్రకారులచే శిల్పముల నన్నిటిని వ్రాయించెను. అప్పటికే రాళ్లను సున్నము కాల్చుటకును, గట్టడములకును గొనిపోవుచుండిరి. 1845లో ఎలియట్ త్రవ్వించి, దొరకిన పలకలను చెన్నపట్టణమునకు బంపెను. అవి యచట బహుకాలము యెండకు వానకు బయటనే పడియుండి, పిదప ఎడ్వర్డు బాల్ఫరు పాలనలోని మ్యూజియమునకు జేరినవి. 'ఎలియట్ చలువరాళ్లు' అని పేరుపడినను నిజమున కవి పలనాటి సున్నపురాళ్లే. 1858 వేసవిలో ట్రైపు వానిని వరుసగా దీసెను. డెబ్బదియైదు చిత్రముల యా సంపుటము ప్రభుత్వముచే బ్రకటింపబడినది. మఱుసటి యేడు, 1859లో, నూట యిరువదియొక్క పలకలు ఓడలమీద లండనునకు బంపబడినవి. అచట ఫైఫ్ హవుసు గుఱ్ఱపుసాలలో మూలబడియున్న వానిని 1867లో జేమ్సు ఫెర్గుసను కనుగొని, మఱుసటి యేట దన గ్రంథమున ఛాయాచిత్రములతో బ్రకటించిన తరువాతనే లోకమునకు అమరావతి విలువ తెలిసినది. 1880లో నవి బ్రిటిష్ మ్యూజియమునకు మాఱినవి. రాళ్లు మూడుచోట్ల జెదరిపోయినవి. చెన్నపట్టణము విడుచుటకుముం దెట్లుండెనో చెప్పునది ట్రైపు సంపుటము. మెకంజీ చిత్రకారులు గీసిన రేఖలు మనోహరములే. కాని విఱిగినచోటు విఱిగినట్లు, పెచ్చులూడినచోటు ఊడినట్లు చూపుట మనుష్యహస్తమునకు సహజముగాదు. కన్ను దానినంతటదానే పూరించుకొనును. యంత్రమునకు జాలి లేదు.

ఆ యేటి మొదటనే ట్రైపు దక్షిణయాత్రలో దంజావూరునకు బోయి బృహదీశ్వరాలయపు అధిష్ఠానముమీది శాసనమును దీసినాడు. ఒక చిత్రమున నిమడదు గావున యంత్రమును ప్రక్కకు జరుపుచు బలుమాఱులు దీసి, ఇరువదియొక్క ముద్రలను జేర్చి యతికెను. ఆ పట్టిక పొడవు సుమారు పందొమ్మిది అడుగులు. చూచుటకిం పైన వస్తువేమియు నందు లేదు. రాయి, దానిపై నక్షరములు. ఇంత శ్రమ యేల? చదువువానికొఱకు. దక్షిణహిందూశాసనముల రెండవ సంపుటమున తంజావూరి శాసనములు హుల్ష్ దొర పరిష్కరణమున 1891 మొదలుకొని వెలువడినవి. ట్రైపు చిత్రము దానికి ముప్పదియేండ్లకు ముందటిది. రాజరాజచోళుడును, ఆతని యక్క కుందవయు నిచ్చిన దానము లాలయపు గోడలపై గలవు. ఆ యక్క పేరే ధరించిన రాజరాజచోళుని కూతురు కుందవ మన విమలాదిత్యునికి బట్టమహిషి. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. 1022లో బట్టాభిషిక్తుడై నన్నయభట్టారకునిచే మహాభారతము నాంధ్రీకరింపజేసిన పుణ్యాత్ముడు. తాతగారి గోడ నా రీతిగా నడుగడుగునకు బట్టి నిలిపిరి. మనుమని గోడ మాట యేమి?

ఇక్కడనే నా యసంతృప్తి. ట్రైపు ప్రభుత్వమునకై ప్రకటించిన సంపుటములు మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి, శ్రీరంగము, పుదుక్కోట, సేలము మండలములోని రాయకోట మున్నగు వానివి; వానితోపాటు ఎలియట్ రాళ్ల సంపుటము. తెలుగుదేశమునకు సంబంధించిన దీ కడపటిదొక్కటియే. అందును ఛాయాగ్రాహకుడు కృష్ణ దాటి రాలేదు. రాళ్లే చెన్నపట్టణమునకు బోయినవి. ద్రాక్షారామమున భీమేశ్వరుని ప్రాకారమంతయు నక్షరమయము. వేంగీ చాళుక్యులనుండి రెడ్డిరాజులవఱకు గల శాసనము లచట గోడలనిండ నున్నవి. సామర్లకోటలో గుమారారామము, పాలకొల్లులో క్షీరారామము నిలిచియున్నవి. అప్పటికి నిర్మింపబడి యాఱేండ్లే యైన ఆనకట్ట, నాలుగు పాయలలో నాలుగు భాగములై, మధ్య లంకలతో గూడి రమారమి పండ్రెండువేల యడుగులు పొడవుగలది, ధవళేశ్వరమునుండి విజ్జేశ్వరమువఱకు క్రొత్తసున్నపు వాసనతో నిలిచియుండెను. కరువులతోను, 1839 నాటి కోరంగి యుప్పెనతోను గుందిన దేశము పచ్చబడుచున్న తొలి సంవత్సరము లవి. ఆ మార్పును బట్టిన ప్రభుత్వపు సంపుట మొక్కటియు లేదు. ఎలియట్ దొర తొమ్మిదేండ్లు కమిషనరుగా నేలిన దేశమే యిది.

దీనికి దోషము నిర్ణేతలదని చెప్పుట న్యాయముగాదు. పని సగములోనే తెగినది. 1859లో సర్ చార్లెసు ట్రెవిల్యను గవర్నరుగా వచ్చెను. 1857 నాటి కల్లోలమునకు బిమ్మట బొక్కసము వట్టిపోయి యుండుటచే నాతడు వ్యయములను గోయుచు, ప్రభుత్వ ఛాయాగ్రాహకశాఖ విలాసవస్తువని తలచి దాని నెత్తివేసెను. నాలుగేండ్లు నిలువకయే యా యుద్యోగ మంతరించినది. ట్రైపు మఱల సైన్యమునకు బోయెను; అటుపై నాతని ఛాయాచిత్రములు మిక్కిలి యరుదు. 1902లో మరణించెను. పతకమిచ్చిన నిర్ణేతలకంటె లెక్కలుచూచు నిర్ణేత బలవంతుడు. ఐనను పతకమిచ్చినవారి దృష్టికిని నొక మేర గలదు. దేవాలయము వారి కంటబడినది, కాలువ బడలేదు. శిథిలము మెచ్చదగినదైనది, క్రొత్తగా మొలచిన వరిచేను కాలేదు.

మఱియొక సంగతి. చెన్నపురిలో నా కాలమున యంత్రములు గలవారు సైనికోద్యోగులు, వైద్యులు, సివిలు అధికారులు. ప్రదర్శించువారు వారే, సంఘమున గూర్చుండి మెచ్చువారును వారే. ఒకే పంక్తిలో వడ్డించువాడును భుజించువాడును నొక్కరే యైనప్పుడు రుచినిగూర్చిన మాట కొంత తగ్గించి నమ్మవలయును. దేశీయులకు బీఠము సులభముగా దొరకలేదు. బొంబాయి సంఘపు గార్యనిర్వాహకవర్గమున నారాయణ దాజీ యుండెను. కలకత్తా సంఘమునకు రాజేంద్రలాల మిత్రుడు కోశాధికారి; పురావస్తుపండితులలో నగ్రేసరుడు. నీలిమందు తోటల దొరలు రైతులకు జేయు నన్యాయములను బహిరంగసభలో ఖండించినందుకు 1857లో నాతనిని సంఘమునుండి వెలివేసిరి. చిత్రము తీయుటకును నీలిమందునకును సంబంధమేమని యడుగువారికి జవాబిది: ఎవరు కూర్చుండి తీర్పుచెప్పవలయునన్న విషయము ఛాయాచిత్రవిద్యకు బైనున్న సంగతులచే నిర్ణయమగుచుండెను.

చెన్నపురిలో నయ్యాసామి యను దేశీయుడు హంటరు పాఠశాలలో నీ విద్యనేర్చి ట్రైపునకు సహాయుడుగా బనిచేసెను. ముద్రలు తీయుట యెట్టి శ్రమమో తెలిసినవారే యాతని పని విలువ నెఱుగుదురు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితములను వెండిమందులో దేల్చి, ప్రతిబింబముక్రింద నుంచి, యెండలో నొక్కొక్కదానినే పండించి, నీటిలో మఱల మఱల గడిగి, యారబెట్టవలయును. ఒక సంపుటమునకు బలుప్రతు లన్నప్పు డది వేలకొలది కాగితముల పని. అట్టల మీద నచ్చుపడినది కాప్టెన్ ట్రైప్ పేరు.

ఛాయాచిత్రమే తరగతికి జెందవలయునన్న లండనునాటి వివాదము మాత్రము చావలేదు. 1862లో నచట రెండవ మహాప్రదర్శనము జరిగినప్పుడు కార్యకర్తలు దానిని యంత్రభాగమున జేర్పగా, లండను ఛాయాచిత్రసంఘాధ్యక్షుడు సర్ ఫ్రెడరిక్ పొలక్ మొదలగువారు తీవ్రముగా నాక్షేపించిరి. తుదకు దానికి వేఱుగా నొక తరగతి నిచ్చి కలహము చల్లార్చిరి. హైదరాబాదు నిజాము కొలువున నుండిన లాలా దీనదయాళు కాలమునకు, అనగా పందొమ్మిదవ శతాబ్దపు చివరకు, దేశీయుని చిత్రములకు బతకములు వచ్చుట వింత గాకపోయెను.

రాజమహేంద్రవరమున 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడి, ఆ సంవత్సరముననే రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికను బ్రకటించినది. ద్రాక్షారామ శాసనములు దక్షిణహిందూశాసనముల నాలుగవ సంపుటమున 1923లో నచ్చైనవి. శాసనపరిశోధకుల కిప్పటికి వాడుకైనది సిరాముద్ర. తడికాగితమును రాతిపై నద్ది, కుచ్చుబుఱుసుతో మోది, సిరాపూసి యక్షరములను దెల్లగా దేల్చునది. అక్షరజ్ఞానమునకు ఛాయాచిత్రముకంటె నిది నమ్మదగినదని యనుభవజ్ఞుల మాట. వెలుతురు ప్రక్కనుండి పడినప్పుడు రాతిగీటు సయితము గుడిదీర్ఘమై కనబడి మోసగింపవచ్చును. కాని సిరాముద్రలో గుడి లేదు, గోడ లేదు, ఆ గోడప్రక్కన నిలిచిన మనిషి లేడు. తంజావూరి పట్టికలో రాయి రాయిగా నున్నది. దాని నెఱ్ఱెలు, నీటిచాఱలు, యెండపొడలు నన్నియు నున్నవి.

ఎలియట్ 1860లో నుద్యోగము విడిచి స్వదేశమున వుల్ఫిలీ యను తన గ్రామమునకు బోయెను. 1866లో సర్ బిరుదమును బొందెను. అంత్యదశలో జూపు దాదాపుగా బోయినది. ఆ స్థితిలోనే దక్షిణహిందూదేశపు నాణెములను గూర్చిన గ్రంథమును ముగించెను. ఉత్తరసర్కారులలో నుండగా నేరిన చాళుక్య వరాహముద్రల నాణెముల ముచ్చట యందు గలదు. 1887 మార్చి 1వ తేదీ యుదయమున, తమిళసాహిత్యమును గూర్చి పోపు పండితునికి నొక లేఖను జెప్పి వ్రాయించి, దానిక్రింద స్వహస్తముతో సంతకము చేసెను. ఆ దినముననే మరణించెను.